ఎడమ కాలి కీలు బ్రేసు: పదహారు నెలల వాడకం తరువాత

నా ఎడమ కాలికి పదహారు నెలలుగా రోజూ కట్టుకుంటున్న ప్లాస్టిక్ బ్రేసు గురించి, దానిని తయారుచేసిన చోట నాకు అందిన సేవ గురించి ఇది రాస్తున్నాను. వైద్యులు దీనిని ఏఎఫ్ఓ అంటారు, అంటే చీలమండనూ పాదాన్నీ సరిగ్గా పట్టి ఉంచే బ్రేసు. ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో కొందరు స్ప్లింట్ అంటారు, పెద్ద వయసు వాళ్లు క్యాలిపర్ అంటారు, మా ఇంట్లో మాత్రం మా మనవరాలు మొదటి రోజు పెట్టిన 'కాలి బొమ్మ' అనే పేరే స్థిరపడిపోయింది. పక్షవాతం వచ్చిన మనిషి ఉన్న ఇంట్లో డాక్టరు చీటీ మీద ఆ మూడక్షరాలు చూసినప్పుడు ఏది కొనాలో, ఎక్కడ కొనాలో, కొన్న తరువాత రోజులు ఎలా గడుస్తాయో చెప్పేవాళ్లు దొరకరు. నాకూ దొరకలేదు. విశాఖపట్నంలో ఈరోజు కూడా ఎవరో ఒకరు అదే చీటీ పట్టుకుని తిరుగుతూ ఉంటారన్న ఆలోచనే నా చేత ఇంత వివరంగా రాయిస్తోంది.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. 2023 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున నాకు ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మెదడులో కుడివైపు రక్తనాళం ఒకటి మూసుకుపోయిందని చెప్పారు. కొన్ని నెలల చికిత్సతో తొడ, మోకాలు కొంత పట్టు తెచ్చుకున్నాయి గాని, పాదాన్ని పైకెత్తే కండరం మాత్రం లేవలేదు. అడుగు ఎత్తినప్పుడల్లా వేళ్లు నేలకు వాలిపోయేవి; పిక్క కండరం బిగుసుకుని మడమను పైకి, పాదాన్ని లోపలివైపుకు లాగేసేది. ఆ వేళ్లు నేలకు తగలకుండా ఉండాలంటే తుంటిని ఎత్తి, కాలిని పక్కనుంచి తిప్పి ముందుకు వేయాలి. పక్షవాతం వచ్చినవాళ్ల నడకను దూరం నుంచే గుర్తుపట్టగలిగేది ఇందువల్లనే. మా ఇంట్లో గదికొక గడప ఉంది. గడప తొక్కకూడదని పుట్టినప్పటినుంచీ నేర్చిన కాలు, దాటబోయి వేలు తగిలి, ఆ ఏడాది మే నెలలో నన్ను రెండుసార్లు పడేసింది. రెండోసారి పడినప్పుడు మావారు నన్ను లేపలేక పక్కింటి వాళ్లను పిలిచారు. ఆ సాయంత్రమే బ్రేసు కొనాలని నిశ్చయించుకున్నాం.

మొదట కొన్నది రెడీమేడ్ స్ప్లింట్. మహారాణిపేట వైపు ఒక సర్జికల్ దుకాణంలో చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడే కొలతలు ఉంటే, మధ్యరకానిది 1,400 రూపాయలకు తెచ్చుకున్నాం. వేళ్లను కొంత ఎత్తింది గాని, పాదం లోపలికి తిరగడాన్ని ఆపలేకపోయింది. పాదం మెత్తగా వాలిపోవడమే తప్ప బిగుతు లేనివాళ్లకు, అచ్చు తీసి చేసే బ్రేసు వచ్చేలోగా కొన్ని వారాలు గడపడానికి అది చాలవచ్చు. నా వంటి కాలికి అది చాలదు, దాని గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

రెండోది అచ్చు తీసి చేసిన గట్టి బ్రేసు. ఈ పద్ధతి తెలియని వారికోసం చెబుతున్నాను. కాలికి పల్చటి గుడ్డ తొడిగి, తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టి, అది గట్టిపడేదాకా చీలమండను లంబకోణంలో పట్టుకుని ఉంటారు. గట్టిపడ్డాక నిలువునా కోసి తీసి, ఆ డొల్లలో మళ్లీ ప్లాస్టర్ పోస్తే మన కాలికి నకలు తయారవుతుంది. ఆ నకలు మీద ఎముకలు పొడుచుకువచ్చే చోట్ల కాస్త ప్లాస్టర్ ఎక్కించి, ఆనిక కావలసిన చోట్ల కాస్త చెక్కి, ఓవెన్‌లో మెత్తబడిన పాలీప్రొపిలీన్ రేకును దానిపై పరిచి, లోపలి గాలి లాగేసి అతికిస్తారు. చల్లారాక అంచులు కోసి, పట్టీలు బిగిస్తే బ్రేసు. పని అంతా ఆ మొదటి పది నిమిషాల పట్టులోనే ఉంది. బిగుసుకున్న కాలిని ముందు మెల్లగా సాగదీసి, మడమ పూర్తిగా దిగిన తరువాత అచ్చు తీయాలి. నేను మొదట వెళ్లిన కేంద్రంలో ఆ పని జరగలేదని నాకు చాలా తరువాత గాని అర్థం కాలేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒకరు ఫోనులో మాట్లాడుతూ ఉండగా మరొకరు పట్టీలు చుట్టేశారు. పన్నెండు రోజులకు బ్రేసు ఇచ్చి, 6,500 రూపాయలు తీసుకుని, గదిలో నాలుగు అడుగులు వేయించి పంపారు. మడమ లోపల పూర్తిగా ఆనడం లేదని నేను అన్నప్పుడు, 'నెల రోజులు వాడండి మేడమ్, అదే అలవాటవుతుంది' అన్నారు.

అలవాటు చేసుకోవాలని నేను నిజంగానే ప్రయత్నించాను. నొప్పిని ఓర్చుకోవడమే చికిత్స అనుకునే తరం మాది. పైగా నా ఎడమ కాలికి స్పర్శ సగమే తెలుస్తుంది, పదిహేనేళ్లుగా మధుమేహం కూడా ఉంది. పదిహేడో రోజు సాయంత్రం మేజోడు విప్పుతూ మావారు 'ఇదేమిటి, మరక?' అన్నారు. బయటివైపు చీలమండ ఎముక మీద రూపాయి బిళ్లంత మేర చర్మం ఊడిపోయి ఉంది. నాకు తెలియనే లేదు. ఆ పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాలూ నడక మళ్లీ మొదటికి వచ్చింది. ఆ కేంద్రానికి మూడుసార్లు వెళ్లాం. మొదటిసారి పని తెలిసినవాడు సెలవులో ఉన్నాడన్నారు. రెండోసారి హీటుగన్‌తో వేడిచేసి కొంచెం ఉబ్బేటట్టు చేశారు, అది ఎముకకు అంగుళం పైన వచ్చింది. మూడోసారి, 'మీ కాలే వాచింది, బ్రేసులో లోపం లేదు' అన్నారు. బ్రేసు అటక ఎక్కింది. వారి పేరు రాయాలన్నది నా ఉద్దేశం కాదు. అక్కడ నాకు ఎవరూ చెప్పని ఒక్క విషయం మాత్రం చెప్పాలి. కొత్త బ్రేసును మొదటి రోజే పొద్దస్తమానం కట్టుకోకూడదు. గంటతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుకుంటూ పోవాలి. విప్పిన ప్రతిసారీ కాలిని వెలుతురులో చూసుకోవాలి. ఎర్రటి గుర్తు ఇరవై ముప్పై నిమిషాల్లో పోతే భయం లేదు. అంతకుమించి నిలిచి ఉంటే ఆ బ్రేసును సరిచేయించేదాకా మళ్లీ కట్టకూడదు. ఈ రెండు వాక్యాలు ఒక చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే నాకు ఆ పుండు పడేది కాదు.

ఇప్పుడు వాడుతున్నది మూడోది. 2024 మార్చిలో, మా ఫిజియోథెరపిస్టు సూచించిన వేరొక చోట చేయించుకున్నాను. అక్కడ నన్ను చూసిన నిపుణుడు మొదటి అరగంట కాలిని ముట్టుకోలేదు. 'ఇంట్లో చెప్పులు వేసుకుని తిరుగుతారా అమ్మా, ఉత్త కాళ్లతోనా? మరుగుదొడ్డి నేల మీదిదా, కమోడా? మెట్లెన్ని, ఎక్కేటప్పుడు రెయిలింగ్ ఏ చేతివైపు ఉంటుంది? బ్రేసు కట్టేది మీరేనా, సార్ కడతారా?' అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. మేము ఎంవీపీ కాలనీలో మొదటి అంతస్తులో ఉంటాం, లిఫ్టు లేదు, రెయిలింగ్ ఎక్కేటప్పుడు ఎడమవైపు వస్తుంది, అంటే నా పనిచేయని చేతివైపు. ఆ మాట విన్నాక, మెట్లకు రెండోవైపు కూడా గొట్టం బిగించుకోండి, దాని తరువాతే బ్రేసు సంగతి అన్నాడు. అంతకుముందు ఏ ఒక్కరూ నా ఇంటి గురించి అడగలేదు. కాలిని కొలిచారు, కాలు తిరిగే చోటును ఎవరూ అడగలేదు.

చీలమండ దగ్గర కీలు ఉన్న బ్రేసు వేయాలని అతనే నిర్ణయించాడు. గట్టి బ్రేసులో చీలమండ అసలు వంగదు. అందువల్ల వాలు దిగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాలు ముందుకు తోసుకువచ్చి తడబాటు కలుగుతుంది. కీలు ఉన్నదానిలో పాదం కిందికి వాలకుండా వెనక అడ్డు ఉంటుంది గాని, కాలు ముందుకు వాలడానికి వీలుంటుంది. ఇది అందరికీ పనికిరాదు. బిగుతు మరీ ఎక్కువైనవాళ్లకు, మోకాలు నిలవనివాళ్లకు గట్టిదే మేలని, నా బిగుతు మందులతో అదుపులో ఉంది కనుక ప్రయత్నించవచ్చని డాక్టరుగారితో మాట్లాడిన తరువాతే మొదలుపెట్టాడు. అచ్చు తీసేముందు ఫిజియోథెరపిస్టు పది నిమిషాలు నా పిక్కను సాగదీసింది. పై అంచు మోకాలి బయటివైపున్న ఎముక బుడిపెకు రెండు వేళ్లు కిందనే ఆగేటట్టు కోశాడు. ఆ బుడిపె కిందుగా పోయే నరం నొక్కుకుపోతే, అది కూడా పాదం వాలిపోవడానికే దారితీస్తుందట. ధర 9,800 రూపాయలు, ఏడాదిపాటు సవరింపులన్నీ అందులోనే. వంటింటి కాటాలో తూచి చూశాను, 410 గ్రాములు ఉంది.

దీని ఫలితం గురించి చెప్పాలంటే, ఫిజియోథెరపీలో పది మీటర్ల నడకను సెకన్లలో కొలుస్తారు. సెకనుకు 0.4 మీటర్లకన్నా తక్కువ వేగంతో నడిచేవాళ్లు సాధారణంగా ఇంటికే పరిమితమవుతారని, 0.8 దాటినవాళ్లు వీధిలో ఇబ్బంది లేకుండా తిరగగలరని ఒక లెక్క ఉంది. బ్రేసు లేకుండా నాకు పది మీటర్లకు 34 సెకన్లు పట్టింది. అదే రోజు, అదే వరండాలో, ఈ బ్రేసుతో 23 సెకన్లు పట్టింది. గత నెల కొలిస్తే 17. విప్పేస్తే మాత్రం ఇప్పటికీ 28 దగ్గరే ఉన్నాను. బ్రేసు కండరానికి బలం ఇవ్వదు, జబ్బును నయం చేయదు, కట్టుకున్నంతసేపు మడమ ముందుగా నేలను తాకేటట్టు చూస్తుంది. దానితో పాటు వ్యాయామం మానకూడదు. ఇవి తెలిసి కొనుక్కునేవాళ్లకు నిరాశ ఉండదు.

కట్టుకోవడం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది బ్రేసును వదిలేసేది నడకలో ఇబ్బంది వల్ల కాదు, కట్టుకోలేక. పొద్దున్నే గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుంటాను. కుడిచేత్తో ఎడమ మోకాలి కింద పట్టుకుని కాలిని ఎత్తి కుడి తొడ మీద వేసుకుంటాను. రాత్రంతా ముడుచుకుని ఉన్న వేళ్లను ఒక్కొక్కటిగా తెరిచి, అరికాలిని నిమురుతూ పాదాన్ని మెల్లగా పైకి నొక్కి ఉంచితే, కాసేపటికి పిక్కలోని బిగుతు చేతికింద కరిగినట్టు తెలుస్తుంది. అప్పుడు మేజోడు, ముడత లేకుండా. ఆ తరువాత మడమను బ్రేసులోకి దింపి, వేలు పెట్టి చూసి, మడమకూ ప్లాస్టిక్‌కూ మధ్య సందు లేదని రూఢి చేసుకుని, ముందు చీలమండ పట్టీ, తరువాత పిక్క పట్టీ. ఈ బ్రేసులో పట్టీలు బయటివైపున రివెట్టు కొట్టి, లోపలివైపు వలయంలోంచి దూర్చి, నా కుడిచేతివైపుకే లాగేటట్టు పెట్టారు. పాత బ్రేసులో పట్టీ అవతలివైపుకు లాగవలసి వచ్చేది, ఒక చేత్తో అది కుదరదు. మొదట్లో ఇరవై నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఆరు నిమిషాల్లో ముగిస్తాను. మావారి సాయం లేకుండా నేనే కట్టుకున్న మొదటి రోజు ఆయన పక్కన నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. ఆయనకు అది ఎంత కష్టమైందో నాకు తెలుసు.

లోపాలు ఉన్నాయి. అన్నిటికన్నా నన్ను విసిగించినది చీర. వెల్క్రో పట్టీలో గరుకుగా ఉండే వైపు కొస బయటికి వచ్చిందంటే, అడుగు అడుగుకూ చీర కుచ్చిళ్లను పట్టి లాగుతుంది. నా మంగళగిరి నూలు చీర ఒకటి ఆ విధంగా దారాలు లేచిపోయి పనికిరాకుండా పోయింది. ఈ వస్తువును రూపొందించినవాళ్ల ఊహలో ప్యాంటు వేసుకున్న మగవాడే ఉన్నాడని నాకనిపిస్తుంది. చెప్పగానే పట్టీల మీద మెత్తటి గుడ్డతో చిన్న తొడుగు కుట్టించి ఇచ్చారు. అది నయంగానే ఉంది గాని, మొదటి నుంచీ ఉండవలసినది. చెప్పుల సంగతి మరొకటి. బ్రేసు కట్టిన కాలికి మామూలు చెప్పు పట్టదు. ఒక సైజు పెద్దది, వెనక మూత ఉన్నది, నోరు వెడల్పుగా తెరుచుకునేది కావాలి. రెండు కాళ్లకూ ఒకే జత సరిపోదు కనుక రెండు సైజుల జతలు కొని ఒక్కొక్కటి వాడుతున్నాను. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు.

ఇంట్లో ఉత్త కాళ్లతో తిరిగే మనకు బ్రేసు అడుగు నున్నని ప్లాస్టిక్ కావడం నిజమైన ప్రమాదం. టైల్స్ మీద అది జారుతుంది. మూడో బ్రేసు చేసిన నిపుణుడు అడుగున సన్నని ఎంసీఆర్ రబ్బరు పొర అతికించి ఇచ్చాడు, మధుమేహ రోగుల చెప్పుల్లో వాడే మెత్తటి రబ్బరే. దానితో ఇంట్లో చెప్పు లేకుండా నడవగలుగుతున్నాను. అయితే అటు కాలు ఆ మేరకు ఎత్తవుతుంది కనుక, కుడికాలికి ఇంట్లో పల్చటి చెప్పు ఉంచుకోమన్నాడు. వంటింట్లోకి చెప్పుతో వెళ్లడానికి నా మనసు ఒప్పుకోవడానికి నెల పట్టింది. వంటకు మాత్రమే ఉంచుకున్న కొత్త జత ఒకటి తెచ్చి గుమ్మం లోపల పెట్టారు మావారు. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం బ్రేసుతో కుదరదు. స్నానానికి దానిని విప్పాలి, అంటే ఇంట్లో అన్నిటికన్నా జారే చోట కాలికి ఏ ఆసరా ఉండదు. అందుకు బ్రేసును తప్పుపట్టలేను గాని, బ్రేసు ఇచ్చేవాళ్లు స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ, కూర్చోవడానికి స్టూలు ఉన్నాయో లేవో అడిగి తీరాలి.

గుడి విషయంలో నాకు చాలా దిగులుండేది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేని గుడిలో భక్తులే స్వయంగా పూజ చేసుకుంటారు. మార్గశిర గురువారాల్లో ఆ వీధుల్లో కాలు పెట్టడానికి చోటుండదు. చెప్పులు విడవాలి, నేలంతా తడి. మొన్నటి మార్గశిరంలో గురువారం కాకుండా మామూలు రోజున, రబ్బరు అడుగు ఉన్న ఈ బ్రేసుతో, దాని మీద కొత్త గుడ్డ తొడుగు వేసుకుని వెళ్లాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అమ్మవారి విగ్రహానికి ఎడమ చేయి ఉండదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న విగ్రహమే. ఆ రోజు నా కుడిచేత్తో పసుపు కుంకుమలు వేస్తున్నప్పుడు మాత్రం కొంతసేపు అక్కడే నిలబడిపోయాను.

విశాఖ ఉక్కపోత ఈ ప్లాస్టిక్‌కు పెద్ద శత్రువు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పిక్క వెనక చెమట పట్టి, పొక్కులు లేస్తాయి. గాలి ఆడడానికి రంధ్రాలు వేయించాను, కొంత మేలు. రోజుకు రెండు నూలు మేజోళ్లు మారుస్తాను. మోకాలి దాకా వచ్చే పల్చటి నూలు మేజోళ్లు దొరకనప్పుడు పాత బనియను గుడ్డను గొట్టంలా కుట్టి వాడాను, అది కొన్నవాటికన్నా హాయిగా ఉంది. సాయంత్రానికి కాలు కొద్దిగా వాస్తుంది కనుక పట్టీని నాలుగు గంటలకు ఒకసారి వదులు చేస్తాను. బ్రేసును రాత్రి తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, కారులో మరచిపోకూడదు. వేడికి ఆకారం మారవచ్చు.

ఇక ఊరు. ఈ ఊళ్లో సమతలం తక్కువ, వాలు ఎక్కువ. ఎంవీపీ కాలనీ రైతు బజారుకు వెళ్లి కూరలు కొనుక్కుని రావడం నా వారపు పరీక్ష. వెళ్లగలుగుతున్నాను, సంచి మాత్రం మావారు మోస్తారు. కీలు ఉండడం వల్ల వాలు దిగుతున్నప్పుడు మోకాలు తోసినట్టు ఉండదు. సిటీ బస్సు మొదటి మెట్టు ఎత్తు ఇప్పటికీ నాకు అందదు, షేర్ ఆటో ఎక్కగలను. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు లేని వేళ, కురుసుర జలాంతర్గామి దగ్గర నుంచి కాళీమాత గుడి దాకా నడిచి, మధ్యలో రెండుసార్లు బెంచీ మీద కూర్చుని, తిరిగి వస్తున్నాను. పక్షవాతం రాకముందు ఆ దూరం నాకు లెక్కలోకే వచ్చేది కాదు.

మా ఫిజియోథెరపిస్టు ఒకనాడు బ్రేసులు వాడుతున్న మాలో కొందరికి ఒక ప్రశ్నపత్రం ఇచ్చింది. వాడే వస్తువుతో, అందిన సేవతో మనకెంత సంతృప్తి ఉందో కొలిచేది. క్వెస్ట్ అని దాని పేరు, కెనడాలోని క్యూబెక్‌లో రూపొందినది. పన్నెండు అంశాలు, ఎనిమిది వస్తువు గురించి, నాలుగు సేవ గురించి. ఒక్కొక్కదానికి ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయాలి, అయిదంటే పూర్తి సంతృప్తి. చివర మనకు అన్నిటికన్నా ముఖ్యమైన మూడు అంశాలను ఎంచుకోవాలి. ఆ రోజు నేను చూసినవి మరచిపోలేను. గాజువాక నుంచి వచ్చే ఒక ఆటో డ్రైవరు, వయసు నలభై దాటి ఉండదు, కుడివైపు పక్షవాతం. ప్రయోజనానికి మూడు వేసి చాలాసేపు ఆలోచించాడు. 'నడుస్తున్నానండి, కానీ బండి ఎక్కలేనుగా, బ్రేకు తొక్కేది ఈ కాలే' అన్నాడు. పెదజాలరిపేట నుంచి వచ్చే చేపలమ్మే ఆమె అన్నిటికీ ఒకటి వేయమంది. 'ఇసకలోకి ఏసుకెళ్తే లోనకి ఇసక దూరి కాలంతా ఒరుసుకుపోతంది టీచరమ్మా, తడి తగిల్తే జారిపోతంది. గోడకి తగిలించేసినాను' అంది. ఆమె కాలికి ఆ బ్రేసు సరిగ్గానే అమిరింది, ఆమె పనికే అమరలేదు.

మూడో ఆయన పోర్టులో పనిచేసి విరమించిన పెద్దమనిషి. పక్షవాతంతో మాట కూడా పోయింది. ఆయన భార్య పక్కన కూర్చుని ప్రశ్నలన్నిటికీ తానే జవాబు చెబుతూ వచ్చింది. సౌకర్యం దగ్గర 'నాలుగు వేయండమ్మా, బాగానే ఉంటున్నారు' అంది. ఆయన ఎడమచేయి చాచి కాగితం మీద రెండు అంకె మీద వేలు పెట్టి, అక్కడే ఉంచేశారు. ఆమె 'నొప్పిగా ఉంటోందా? మరి ఒక్కసారైనా చెప్పలేదేమండీ' అంది. ఫిజియోథెరపిస్టు మేజోడు తీసి చూస్తే పాదం లోపలి అంచున పాత మచ్చ ఉంది. అందుకే ఇంట్లోవాళ్లను అడిగి సంతృప్తి లెక్క వేయవద్దని నా విన్నపం. మాట రానివాళ్ల ముందు అంకెలు పెట్టి, వేలు ఎక్కడ ఆగుతుందో చూడాలి.

నా అంకెలు ఇవి. రక్షణకు, ప్రయోజనానికి అయిదు. కొలతలకు, సవరించుకునే వీలుకు, వాడుక సులువుకు నాలుగు. బరువుకు నాలుగే, ఎందుకంటే సాయంత్రానికి ఆ 410 గ్రాములు తెలుస్తాయి. సౌకర్యానికి మూడు, అది ఉక్కపోత వల్ల. మన్నికకు మూడు: పదకొండో నెలలో కీలు ఒకటి అరిగి కిర్రుమనడం మొదలైతే కొత్తది వేయించాను, పట్టీలు రెండుసార్లు మార్చవలసి వచ్చింది. సేవలో, బ్రేసు చేతికి అందడానికి పట్టిన కాలానికి నాలుగు, నిపుణుల పనికి అయిదు, మరమ్మతుకు నాలుగు. తరువాతి పర్యవేక్షణకు అయిదు. అచ్చు తీసి చేసిన పాత బ్రేసుకు అదే పత్రం నింపి ఉంటే వస్తువుకు మూడు దగ్గర, సేవకు ఒకటి దగ్గర ఆగేది. రెండు బ్రేసుల ప్లాస్టిక్ ఒకటే, అచ్చు తీసే పద్ధతి ఒకటే. తేడా అంతా అచ్చు తీయడంలో పెట్టిన శ్రద్ధలో, అడిగిన ప్రశ్నల్లో, తిరిగి వెళ్లినప్పుడు తలుపు తీసిన తీరులో ఉంది. ముఖ్యమైన మూడింటిలో నేను రక్షణ, సౌకర్యం, తరువాతి పర్యవేక్షణ ఎంచుకున్నాను.

ధర అందరికీ అందేది కాదని నాకు తెలుసు. సదరం శిబిరంలో 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వచ్చినవాళ్లకు, ఆదాయ పరిమితికి లోబడి, కేంద్ర ప్రభుత్వ పథకం కింద కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ పరికరాలు శిబిరాల ద్వారా ఉచితంగా అందుతాయి. గాజువాక డ్రైవరుకు ఆ ధ్రువపత్రం కోసం వార్డు సచివాలయంలో స్లాట్ తీసుకోవడంలో మావారు సాయం చేశారు. ఎక్కడ తీసుకున్నా, డబ్బు కట్టినా కట్టకపోయినా, మడమ ఆనిందో లేదో చూడమని అడగండి, పుండు పడితే ఎవరిని పిలవాలో ఫోను నంబరు రాయించుకోండి, ఒక చేత్తో కట్టి విప్పి చూపించకుండా ఇంటికి తీసుకురాకండి.

ఆ చేపలమ్మే ఆమె సంగతి నన్ను వదలలేదు. గత నెల ఆమెను నా వెంట నా మూడో బ్రేసు చేసిన చోటికి తీసుకువెళ్లాను. ఇసుక చేరకుండా పాదం చుట్టూ మూసి ఉండే రబ్బరు బూటులో ఇమిడేటట్టు, పట్టీలు తడికి పాడవకుండా, పల్చటిది చేసి చూస్తానని నిపుణుడు అన్నాడు. అచ్చు తీయడం అయిపోయింది, బ్రేసు ఇంకా రాలేదు. నా దానికి వచ్చే మార్చికి రెండేళ్లు నిండుతాయి. అప్పటికి కొత్త కీలు ఎలా నిలిచిందో, ఆమె ఇసుకలో ఎంత దూరం నడిచిందో చూసి, మన్నిక అంకె మార్చవలసి ఉంటే మార్చి రాస్తాను.